రాయచూరు ఇంట్లో సముద్రపు చేప

కృష్ణా, తుంగభద్రల నడుమ ఉన్న రాయచూరు జిల్లాలో చేప అంటే ఏటి చేప, చెరువు చేప. అలాంటి చోట గాజుతొట్టిలో సముద్రపు చేపను పెంచాలంటే ముందు సూక్ష్మజీవులకు ఇల్లు కట్టాలి. చేప తర్వాతి సంగతి.

చేప మొప్పల గుండా అమ్మోనియా వదులుతుంది. తినకుండా మిగిలిన మేత కుళ్లినా పుట్టేది అదే. ఉప్పునీటి పీహెచ్ 8 దాటి ఉంటుంది కాబట్టి అక్కడ దాని విషం మరింత తీవ్రం. కొన్ని బ్యాక్టీరియాలు దాన్ని నైట్రైటుగా, మరికొన్ని ఆ నైట్రైటును అంతగా హాని చేయని నైట్రేటుగా మారుస్తాయి. ఈ జీవులను 1890 ప్రాంతంలో సెర్గీ వినోగ్రాడ్‌స్కీ అనే రష్యన్ శాస్త్రజ్ఞుడు వేరుచేసి చూపాడు. వాటికి అతుక్కోవడానికి గరుకైన చోటు కావాలి, పీల్చడానికి ఆక్సిజన్ కావాలి. చిక్కంతా ఆ ఆక్సిజన్ దగ్గరే. మంచినీటిలో కంటే ఉప్పునీటిలో అది తక్కువగా కరుగుతుంది, నీళ్లు వేడెక్కితే ఇంకా తగ్గుతుంది. రాయచూరు ఎండాకాలం 40 డిగ్రీలు దాటుతుందన్నది ఇక్కడి వారికి చెప్పనక్కర్లేదు.

అందుకే ఈ బ్యాక్టీరియాకు ఇల్లయ్యే ఫిల్టరు ఎంపికలో కరెంటు కోతను కూడా లెక్కలోకి తీసుకోవాలి. మూతపెట్టిన డబ్బా ఫిల్టరు ఆగిపోతే లోపలి బ్యాక్టీరియా ఉన్న కాస్త ఆక్సిజన్ వాడేసుకుని చావడం మొదలుపెడుతుంది. కరెంటు రాగానే ఆ చెడిన నీళ్లు తొట్టిలోకి వస్తాయి. తొట్టి కింద సంపు పెట్టి, ప్లాస్టిక్ బంతుల మీదుగా నీళ్లు జారే పద్ధతిలో గాలి తగులుతూ ఉంటుంది, బ్యాక్టీరియా కొంతసేపు తట్టుకుంటుంది. దీని లోపమల్లా నైట్రేటు పేరుకుపోవడమే.

ఆ లోపాన్ని తీర్చేది సన్న రంధ్రాల రాయి. దాని లోపలికి గాలి చేరదు, అక్కడి బ్యాక్టీరియా నైట్రేటును నైట్రోజన్ వాయువుగా మార్చి వదిలేస్తుంది. జీవమున్న సముద్రపు పగడపు రాళ్లతో తొట్టి నడపవచ్చని ఇండోనేషియాలో లీ చిన్ ఎంగ్ అనే చేపల పెంపకందారు 1961లోనే రాశాడు. కానీ మన దేశంలో దిబ్బలు కట్టే పగడాలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి, వాటిని సముద్రం నుంచి తీయడం నేరం. పొడి రాయి, పింగాణీ ముక్కలు చాలు, ఓపికుంటే వాటిలోనూ జీవం పుడుతుంది.

ఓపిక అంటే నాలుగు నుంచి ఆరు వారాలు. ఆర్‌ఓ నీళ్లలో లీటరుకు సుమారు 35 గ్రాముల చొప్పున సముద్రపు ఉప్పు మిశ్రమం కలిపి, ఒక పచ్చి రొయ్య ముక్క వేసి వదిలేస్తారు. పరీక్ష గొట్టంలో అమ్మోనియా రంగు పసుపు నుంచి ఆకుపచ్చకు తిరుగుతుంది, కొన్నాళ్లకు మళ్లీ పసుపుకు వస్తుంది. నైట్రైటు కూడా అలాగే పెరిగి సున్నాకు దిగితేనే మొదటి చేపను వదలాలి. ఫిల్టరు స్పాంజిని క్లోరిన్ ఉన్న కొళాయి నీళ్లలో కడిగితే వారాల శ్రమ పోతుంది, తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండాలి.

రాయచూరు ఇంటికి తగినది గాలి తగిలే సంపు, అందులో పొడి రాయి, బ్యాటరీతో నడిచే చిన్న గాలి పంపు. సముద్రం నుంచి తెచ్చిన పగడపు రాయి అని ఎవరైనా అమ్మజూపితే శ్రోతలు దయచేసి కొనకండి.