చల్లనీటి యంత్రం, దాన్ని నడిపే మనిషి
(ప్రసంగ పాఠం)



ఎండాకాలం వచ్చిందంటే ఇంట్లో కొత్త కుండ పెట్టుకుంటాం. కుండలో నీళ్లు చల్లగా ఉంటాయి. ఎందుకని? కుండకు కంటికి కనపడని సన్న రంధ్రాలు ఉంటాయి. వాటిలోంచి నీరు పైకి ఊరుతుంది, గాలికి ఆవిరవుతుంది. ఆవిరయ్యేటప్పుడు లోపలి నీళ్ల వేడిని తీసుకుపోతుంది. అందుకే నీళ్లు చల్లబడతాయి.

పెద్ద ఆసుపత్రుల్లో, సినిమా హాళ్లలో, బట్టల షాపుల్లో చిల్లర్ అనే యంత్రం ఉంటుంది. పేరు విని చిల్లర యంత్రం అనుకోకండి. లక్షల రూపాయల యంత్రం! దాని పని నీళ్లను చల్లబరచడం. ఆ నీళ్లు తాగడానికి కాదు. అవి గొట్టాల్లో గదిగదికీ వెళ్లి అక్కడి గాలిని చల్లబరుస్తాయి. తాము వేడెక్కి తిరిగి వస్తాయి. మామూలుగా 7 డిగ్రీల నీళ్లు వెళ్తాయి, 12 డిగ్రీల నీళ్లు తిరిగొస్తాయి.

కుండలో జరిగేదే ఇక్కడా జరుగుతుంది. యంత్రంలో ఒక గ్యాసు ఉంటుంది. అది ద్రవంగా ఉండి, ఆవిరవుతూ నీళ్ల వేడిని లాక్కుంటుంది. ఆ ఆవిరిని కంప్రెసర్ గట్టిగా నొక్కుతుంది. వేడెక్కిన ఆవిరి ఫ్యాన్ల గాలికి చల్లబడి మళ్లీ ద్రవమవుతుంది. సన్నని దారిలోంచి దూరి చల్లగా మారుతుంది. మళ్లీ నీళ్ల దగ్గరికి వస్తుంది. కుండ నీరు గాలిలో కలిసిపోతుంది. ఈ గ్యాసు మాత్రం బయటికి పోదు, పోకూడదు కూడా.

మొదటిసారి నడిపేటప్పుడు

కొత్త యంత్రాన్ని తెచ్చి మేడమీద పెట్టారు. వెంటనే బటన్ నొక్కవచ్చా? నొక్కకూడదు.

ముందు గొట్టాలు కడగాలి. వాటిలో వెల్డింగు ముక్కలు, ఇసుక, మట్టి ఉంటాయి. ఆ మురికి నీళ్లు యంత్రంలోకి పోకుండా పక్కదారిన పంపాలి. తర్వాత జాలీ విప్పి శుభ్రం చెయ్యాలి. గొట్టాల్లో చిక్కుకున్న గాలిని వదిలెయ్యాలి.

కరెంటు మూడు ఫేజులూ సరైన వరసలో ఉన్నాయో లేదో చూడాలి. వరస మారితే కొన్ని రకాల కంప్రెసర్లు వెనక్కి తిరిగి పాడవుతాయి.

కంప్రెసర్ అడుగున నూనె ఉంటుంది. దాన్ని వెచ్చబెట్టే చిన్న హీటరు చాలా యంత్రాలకు ఉంటుంది. 24 గంటల ముందే దాన్ని వేసి ఉంచడం మంచిది. లేకపోతే గ్యాసు నూనెలో కలిసి ఉంటుంది. యంత్రం తిరగగానే నూనె నురగవుతుంది. నూనె అందక లోపలి భాగాలు అరిగిపోతాయి.

ముందు పంపు, ఆ తర్వాతే చిల్లర్. ఈ వరస ఎప్పుడూ తప్పకూడదు. యంత్రం తిరిగాక ఒక పరీక్ష ఉంది. కావాలనే పంపు ఆపాలి. నీటి పారకం ఆగగానే చిల్లర్ తనంతట తానే ఆగిపోవాలి. ఆగకపోతే దాన్ని ఇంకా అప్పగించకూడదు.

లెక్క చూద్దాం

గంటకు 12 వేల లీటర్ల నీళ్లు 5 డిగ్రీలు చల్లబడుతున్నాయి అనుకుందాం. 12 వేలను 5 తో హెచ్చిస్తే 60 వేలు. ఇవి కిలో కేలరీలు. టన్ను అంటే గంటకు సుమారు 3 వేల కిలో కేలరీలు. కాబట్టి ఈ యంత్రం 20 టన్నుల పని చేస్తోంది. ఈ టన్ను బరువు కాదు. సుమారు 900 కిలోల మంచుగడ్డ 24 గంటల్లో కరిగితే ఎంత వేడి పడుతుందో అంత.

ఆపరేటరుకు ఏం నేర్పాలి?

గట్టుమీద నిలబడితే ఈత రాదు. ఇంజనీరు చేసి చూపిస్తే చాలదు. ఆయన చేతులు కట్టుకుని నిలబడాలి. ఆపరేటరు చేత వెయ్యించాలి, ఆపించాలి, మళ్లీ వెయ్యించాలి.

మొదటి రోజు అంకెలన్నీ పుస్తకంలో రాయించాలి. వెళ్లే నీళ్లు ఎన్ని డిగ్రీలు, వచ్చే నీళ్లు ఎన్ని డిగ్రీలు, గ్యాసు ఒత్తిడి రెండు వైపులా ఎంత, కరెంటు ఎన్ని ఆంపియర్లు, బయట ఎండ ఎంత. ఆ తర్వాత రోజూ రాసే అంకెల్ని వీటితో పోల్చి చూడాలి. రెంటచింతల లాంటి చోట మే నెలలో పై ఒత్తిడి పెరగడం సహజం. కానీ చల్లని రోజున కూడా పెరిగిందంటే రేకుల్లో దుమ్ము పట్టి ఉండవచ్చు, ఫ్యాను ఆగి ఉండవచ్చు. కింది ఒత్తిడి తగ్గిందంటే నీళ్లు సరిగా పారడం లేదేమో, గ్యాసు కారుతోందేమో చూడాలి.

గ్యాసు గొట్టాన్ని ఆపరేటరు విప్పకూడదు. మూసిన గదిలో గ్యాసు నిండితే ఊపిరాడదు. పాత గ్యాసులు కొన్ని ఆకాశంలోని ఓజోన్ పొరను దెబ్బతీస్తాయి. అందుకే 1987లో మాంట్రియల్‌లో దేశాలు ఒప్పందం చేసుకున్నాయి. మన దేశం 1992లో అందులో చేరింది. ఇప్పుడు వాడే గ్యాసుల్లో చాలావాటికి ఆ దోషం లేకున్నా, అవి భూమిని వేడెక్కిస్తాయి.

ఆ ఒక్క వైరు

ఇప్పుడు అసలు సంగతి. రాత్రి 2 గంటలు. ఆసుపత్రిలో ఆపరేషన్ జరుగుతోంది. చిల్లర్ ఆగిపోయింది. "ఏదో ఒకటి చేసి నడిపించవయ్యా!" అని పైనుంచి కేకలు. నీటి పారకాన్ని కనిపెట్టే స్విచ్ యంత్రాన్ని ఆపింది. ఆ స్విచ్ వైర్లు రెండూ కలిపేస్తే యంత్రం తిరుగుతుంది. కలపమంటారా?

కలపకూడదు. పారని నీళ్లు లోపలే గడ్డకడతాయి. నిండుగా నీళ్లు పోసిన సీసాను ఫ్రిజ్‌లో మంచు గదిలో పెడితే ఏమవుతుంది? పగులుతుంది. గడ్డకట్టిన నీరు ఉబ్బుతుంది కదా! ఇక్కడ కూడా గొట్టం పగులుతుంది. నీళ్లు గ్యాసు దారిలోకి పోతాయి. కంప్రెసర్ చెడుతుంది. ఒక గంట ఆగాల్సిన యంత్రం నెలల తరబడి మూలపడుతుంది. తప్పు మాత్రం ఆపరేటరు మీదే పడుతుంది.

అందుకని నేర్పే రోజున యజమాని కూడా పక్కన ఉండాలి. ఒక మాట తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి యంత్రం దగ్గర అంటించాలి: "ఆగితే కారణం చూడు. ఒక్కసారే రీసెట్ చెయ్యి. మళ్లీ ఆగితే ఆపి ఉంచు, మెకానిక్‌ను పిలువు." దాని కింద యజమాని సంతకం పెట్టాలి. ఆ సంతకం ఉంటే, కేకలు వేసేవాళ్లకు ఆపరేటరు ధైర్యంగా జవాబు చెప్పగలడు.

నడపడం తెలిస్తే సగం పనే వచ్చినట్టు. ఎప్పుడు ఆపాలో తెలిసి, ఆపే అధికారం కూడా చేతిలో ఉంటేనే ఆపరేటరు.

చర్చించండి

1. కుండకూ చిల్లర్‌కూ పోలిక ఏమిటి? తేడా ఏమిటి?
2. మొదటి రోజు అంకెలు ఎందుకు రాసి ఉంచాలి?
3. మీ ఊళ్లో పంపు, మిల్లు, మోటారు నడిపేవాళ్లకు వాటిని ఆపే అధికారం ఉందా?