కబడ్డీలో ముందు లెక్కపెట్టాల్సింది పాయింట్లు కాదు, మనుషుల్ని

ఇవాళ ఒక చిక్కు ప్రశ్నతో మొదలుపెడదాం.

2023 అక్టోబర్ 7. చైనాలోని హాంగ్‌ఝౌ. ఆసియా క్రీడల పురుషుల కబడ్డీ ఫైనల్, భారత్‌కీ ఇరాన్‌కీ మధ్య. స్కోర్ 28-28. ఆట చివరి నిమిషాల్లో ఉంది. మన కెప్టెన్ పవన్ సెహ్రావత్ కూతకు వెళ్లాడు. ఎవరినీ తాకలేదు. తాకకుండానే పక్కనున్న లాబీలో కాలు పెట్టేశాడు. అతన్ని పట్టుకుందామని వచ్చిన ఇరాన్ ఆటగాళ్లు కూడా లాబీలోకి వచ్చేశారు. ఇప్పుడు చెప్పండి, ఎవరు ఔట్? పాయింట్లు ఎవరికి?

తేల్చలేక రిఫరీలే తలలు పట్టుకున్నారు. ఆట చాలాసేపు ఆగిపోయింది. రెండు జట్ల వాళ్లూ మ్యాట్ మీద కూర్చుండిపోయారు. ఒక బంగారు పతకం ఒక్క రూల్ దగ్గర ఇరుక్కుపోయింది. ఈ ఎపిసోడ్ అయిపోయేలోపు ఆ గొడవ ఏంటో మీకే అర్థమైపోవాలి. అదీ మన టార్గెట్.

మనలో చాలామందికి కబడ్డీ అంటే చిన్నప్పుడు మట్టిలో ఆడిన చెడుగుడు, లేదంటే 'ఒక్కడు' సినిమా. 2014లో ప్రో కబడ్డీ లీగ్ వచ్చాక తెలుగు టైటాన్స్ కోసం టీవీ ముందు కూర్చున్నాం. కానీ స్క్రీన్ మీద సూపర్ టాకిల్ అని, డూ ఆర్ డై అని వస్తుంటే మాత్రం "అంటే ఏంట్రా?" అని పక్కవాణ్ని అడుగుతాం. వాడూ మనలాంటివాడే!

ముందు కోర్టు చూద్దాం. పురుషులకు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. మధ్యలో ఒక గీత. అటు 7 మంది, ఇటు 7 మంది. ఆట 20 నిమిషాల చొప్పున రెండు భాగాలు. మధ్య గీత నుంచి 3.75 మీటర్ల లోపల బాక్ లైన్ ఉంటుంది. దానికి ఇంకో మీటరు అవతల బోనస్ లైన్. రెండు పక్కలా ఒక్కో మీటరు వెడల్పున లాబీలు. ఈ లాబీని గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

ఇప్పుడు రైడ్. ఒక్కడు కూత పెట్టుకుంటూ అవతలి సగంలోకి వెళ్తాడు. మధ్య గీత దాటకముందే కూత మొదలవ్వాలి, వెనక్కి వచ్చేదాకా ఆగకూడదు. సమయం 30 సెకన్లు. ఆలోపు ఎవరినైనా తాకి తిరిగి వస్తే, తాకినవాళ్లు ఎంతమందో అన్ని పాయింట్లు. ఎవరినీ తాకకపోయినా కనీసం బాక్ లైన్ దాటి రావాలి. అదీ దాటకుండా వస్తే రైడరే ఔట్. అంటే గీత దగ్గర నిలబడి టైమ్‌పాస్ చేస్తానంటే కుదరదు. అవతలివాళ్లు రైడర్‌ను రానివ్వకుండా పట్టేస్తే వాళ్లకు ఒక పాయింట్.

ఇంతవరకూ ఈజీయే. అసలు విషయం ఇక్కడి నుంచి.

క్రికెట్‌లో వికెట్ పడితే ఆ బ్యాటర్ ఇక ఆ ఇన్నింగ్స్‌కి లేనట్టే. కబడ్డీలో అలా కాదు. ఔటైనవాడు బయట కూర్చుంటాడు, వాళ్ల జట్టు తాకో పట్టో పాయింట్ తెచ్చిందంటే మళ్లీ లోపలికి వస్తాడు. ముందు ఔటైనవాడు ముందు వస్తాడు. మనం చిన్నప్పుడు "వాడు బతికాడు" అనేవాళ్లం కదా, అదే ఇది. అంటే నా రైడర్ మీ మనిషిని ఒకణ్ని తాకి వచ్చాడనుకోండి, ఒకేసారి మూడు మార్పులు జరుగుతాయి. నాకు ఒక పాయింట్, మీకు ఒక మనిషి తక్కువ, నా మనిషి బయట ఉంటే వాడు లోపలికి. స్కోర్‌బోర్డు వీటిలో మొదటిది మాత్రమే గట్టిగా చెప్తుంది. ఆట మాత్రం మిగతా రెండిటి మీద నడుస్తుంది.

నేను కొన్నేళ్లు సాఫ్ట్‌వేర్‌లో పనిచేశాను కాబట్టి ఆ భాషలో చెప్తాను. కబడ్డీ రూల్స్ అన్నీ 'ఇఫ్' కండిషన్లు. ఏ రూల్ ఆన్‌లో ఉందో తెలియాలంటే మ్యాట్ మీద ఎంతమంది ఉన్నారో చూడాలి.

డిఫెన్స్‌లో 6 గానీ 7 గానీ ఉన్నారా? బోనస్ ఆన్. రైడర్ ఒక కాలు బోనస్ లైన్ దాటించి, రెండో కాలు గాల్లో ఉంచితే చాలు, ఎవరినీ తాకకుండానే ఒక పాయింట్. కానీ బోనస్‌కి బయటున్నవాళ్లు తిరిగి రారు. ఐదుగురే ఉన్నారా? బోనస్ లేదు.

ముగ్గురు గానీ అంతకంటే తక్కువ గానీ ఉన్నారా? సూపర్ టాకిల్ ఆన్. ఇప్పుడు రైడర్‌ను పట్టేస్తే ఒకటి కాదు, 2 పాయింట్లు. ఓడిపోతున్న జట్టుకి ఆట ఇచ్చే ఊతం ఇది. ముగ్గురే మిగిలారు కదా అని ధీమాగా వెళ్లిన రైడర్లు ఎంతమంది ఇక్కడ దొరికిపోయారో!

ఆ మిగిలినవాళ్లు కూడా ఔటైపోతే ఆలౌట్. అవతలి జట్టుకు అదనంగా 2 పాయింట్లు, ఔటైన జట్టు మొత్తం 7 మందితో మళ్లీ మొదలు. 2017 ప్రో కబడ్డీలో పట్నా పైరేట్స్ ఆటగాడు పర్‌దీప్ నర్వాల్, హర్యానా స్టీలర్స్ మీద ఒకే రైడ్‌లో 8 పాయింట్లు తెచ్చాడు. "7 మందే కదా ఉండేది, 8 ఎలా?" అంటారేమో. మ్యాట్ మీద ఉన్న 6 మందినీ ఔట్ చేశాడు, ఆలౌట్‌కి ఇంకో 2. లెక్క సరిపోయిందా?

మరి లీడ్‌లో ఉన్న జట్టు ఊరికే వెళ్లి వస్తూ టైమ్ గడిపేస్తే? దానికి మందు డూ ఆర్ డై. వరసగా రెండు రైడ్లు పాయింట్ లేకుండా ముగిస్తే, మూడో రైడ్‌లో పాయింట్ తేవాల్సిందే. లేకపోతే రైడర్ ఔట్.

ఇప్పుడు లాబీకి వద్దాం. మామూలుగా లాబీ అంటే బయట అని అర్థం. రైడర్‌కీ డిఫెండర్‌కీ మధ్య తాకిడి జరిగాకే అది ఆటస్థలంలో భాగమవుతుంది. తాకిడి లేకుండా కాలు పెట్టినవాడు ఔట్. హాంగ్‌ఝౌలో పవన్ వెళ్లింది డూ ఆర్ డై రైడ్‌కే. తాకకుండా లాబీలోకి వెళ్లాడు కాబట్టి అతను ఔట్, ఇందులో గొడవ లేదు. గొడవంతా వెనకాల వచ్చిన ఇరాన్ డిఫెండర్ల గురించి. పాత రూల్ ప్రకారం తాకకుండా లాబీలోకి వచ్చినవాళ్లంతా ఔట్. ప్రో కబడ్డీలో వాడే కొత్త రూల్ ప్రకారం రైడర్ ఒక్కడే ఔట్. ఏ రూల్ వర్తిస్తుందన్న దగ్గర ఇద్దరూ పట్టు వదల్లేదు. నిర్ణయాలు అటూ ఇటూ మారి, చివరికి మనవైపు తేలి, భారత్ 33-29తో గెలిచింది. ఇరాన్ వాళ్ల కోపం కూడా అర్థం చేసుకోదగ్గదే. 2018లో జకార్తాలో సెమీస్‌లోనే మనల్ని ఓడించి, పురుషుల్లో, మహిళల్లో రెండు స్వర్ణాలూ పట్టుకెళ్లిన దేశం అది.

అంత పెద్ద వేదిక మీదే ఇలా అయితే, ఊళ్లో సంక్రాంతి ఆటల సంగతి చెప్పక్కర్లేదు. మా ఊళ్లో ఒక ఏడాది బోనస్ ఉందా లేదా అన్న మాట దగ్గర మొదలై కాలర్లు పట్టుకునేదాకా వెళ్లింది. ఆట అక్కడితో ఆగిపోయింది. సాయంత్రం నుంచి ముగ్గులో సున్నం కలిపి గీతలు గీసుకున్న పిల్లలు దిగాలుగా ఇళ్లకు వెళ్లారు. అందుకే మీరు ఆడేముందు రెండు నిమిషాలు నిలబడి మాట్లాడుకోండి. బోనస్ ఉందా? డూ ఆర్ డై ఉందా? లాబీ ఉందా? రిఫరీ ఎవరు? ఆయన మాటే ఫైనల్ అని ఒప్పుకున్నాకే కూత పెట్టండి.

కొత్తగా ఆడేవాళ్లకు ఇంకో మాట. గోళ్లు కత్తిరించుకోండి. గొలుసులు, ఉంగరాలు, వాచీలు తీసేయండి. ఒంటికి నూనె రాయకూడదు. రైడర్ మెడ, జుట్టు, బట్టలు పట్టుకుని లాగకూడదు, కూత ఆపాలని నోరు మూయకూడదు. కాళ్లతో కత్తెర వేసి పడేయకూడదు. ఇవన్నీ రూల్సే, ఎముకలు విరగకుండా ఉండటానికి పెట్టినవి. రైడర్‌గా మొదటి వారం పాయింట్ల జోలికి పోకండి. బాక్ లైన్ దాటి క్షేమంగా వెనక్కి రావడం నేర్చుకోండి చాలు. డిఫెన్స్‌లో ఒక్కరే ఎగబడొద్దు. పక్కవాళ్ల చెయ్యి పట్టుకుని గొలుసులా కదలండి.

ఈసారి మ్యాచ్ చూసేటప్పుడు ఒక పని చేయండి. ప్రతి రైడ్‌కి ముందు డిఫెన్స్‌లో ఎంతమంది ఉన్నారో పైకి లెక్కపెట్టండి. ఆరుంటే బోనస్, మూడుంటే సూపర్ టాకిల్, ఒక్కడే ఉంటే ఆలౌట్ ముప్పు. పది రైడ్లయ్యేసరికి కామెంటేటర్ కంటే ముందే మీరు చెప్పేస్తారు. మీ ఊరి కబడ్డీలో వేరే రూల్స్ ఏమైనా ఉంటే కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి.