ఒప్పందాన్ని ముగించడం కూడా అమానతే

సర్వస్తోత్రాలు సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) పైన, వారి కుటుంబీకుల పైన, సహచరుల పైన శాంతి, శుభాలు కురియుగాక! అమ్మాబాద్!

ధార్మిక సోదరులారా! ఒప్పందాలను నెరవేర్చాలని మాయిదా సూరా మొదటి ఆయత్‌లోనే విశ్వాసులకు ఆదేశం ఉంది. ఒప్పందం చేసుకునేటప్పుడు మనమందరం బిస్మిల్లాహ్ అంటాము. దానిని ముగించే వేళ మాత్రం అల్లాహ్ చూస్తున్నాడన్న సంగతి మరచిపోతాము. ఇల్లు అప్పగించిన దలాలీతో, ఇంట్లో ఉంటున్న కిరాయిదారుతో మన వ్యవహారంలో ఈ లోపం స్పష్టంగా కనిపిస్తుంది.

ఒక జాతి ద్రోహం తలపెట్టిందన్న భయం కలిగినా, వారితో గల ఒడంబడికను చాటుగా భంగపరచరాదని, ఇరుపక్షాలకూ సమానంగా తెలిసేలా ప్రకటించి రద్దు చేయాలని అన్‌ఫాల్ సూరా 58వ ఆయత్ బోధిస్తోంది. శత్రువు విషయంలోనే ఇంతటి నిజాయితీ విధి అయినప్పుడు, మన ఇంటి కప్పు క్రింద తలదాచుకున్న కుటుంబం విషయంలో ఎంత జాగ్రత్త వహించాలి!

మొదట దలాలీ సంగతి. మధ్యవర్తి కమీషన్ ధర్మసమ్మతమే. ఇమామ్ బుఖారీ (రహ్మతుల్లాహి అలైహి) తమ హదీసు గ్రంథంలో దీనికి ప్రత్యేకంగా ఒక అధ్యాయమే కేటాయించారు. మరి మనలో కొందరు చేసేదేమిటి? అతడు కొనుగోలుదారును వెంటబెట్టుకొని వచ్చి ఇల్లు చూపిస్తాడు. వారం తిరగకముందే యజమాని "ఇప్పుడు అమ్మే ఉద్దేశం లేదు" అని అతనిని పంపివేసి, అదే కొనుగోలుదారుతో నేరుగా బేరం కుదుర్చుకుంటాడు. పని చేయించుకొని కూలి ఎగవేసిన వానికి ప్రతివాదిగా ప్రళయదినాన తానే నిలుస్తానని అల్లాహ్ హెచ్చరించినట్లు బుఖారీ హదీసులో ఉంది. దలాలీ నడిచిన అడుగులు కూడా శ్రమే కదా!

అతనిని మాన్పించాలనుకుంటే ముందుగా, వీలైతే వ్రాతపూర్వకంగా తెలియజేయండి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం కూడా ఏజెంటును తొలగించే ముందు తగిన నోటీసు ఇవ్వాలంటోంది. గడువు నిర్ణయించుకొని, సరైన కారణం లేకుండా మధ్యలో తొలగిస్తే నష్టపరిహారం చెల్లించవలసి వస్తుంది. దలాలీ సోదరులకూ ఒక మాట: ఇంటి లోపాన్ని దాచడం, ఒక పక్షానికి తెలియకుండా రెండవ పక్షం నుండీ సొమ్ము తీసుకోవడం మోసమే. మోసగానితో తనకు సంబంధం లేదని దైవప్రవక్త (స) ప్రకటించారు.

ఇక కిరాయి సంగతి. హనఫీ ఫిఖ్‌హ్ ప్రకారం, గడువు నిర్ణయించుకొని ఇల్లు కిరాయికిచ్చిన పిదప, సరైన కారణం లేకుండా ఏ ఒక్కరూ తమ ఇష్టానుసారం దానిని రద్దు చేయలేరు. ఎక్కువ కిరాయి ఇచ్చేవాడు దొరకడం అటువంటి కారణం కాదు. మన దేశ చట్టాన్ని కూడా తెలుసుకోండి. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం ప్రకారం, వేరే షరతు లేనప్పుడు నెలవారీ కిరాయిని ముగించడానికి 15 రోజుల వ్రాతపూర్వక నోటీసు అవసరం. నోటీసు గడువు తీరినా ఖాళీ చేయకపోతే న్యాయస్థానానికి వెళ్లాలి. తాళం పగులగొట్టడం, సామాను వీధిలో వేయడం, కరెంటు, నీళ్లు ఆపివేయడం యజమాని హక్కులు కావు. చట్టప్రకారం కాకుండా బలవంతంగా వెళ్లగొట్టబడినవాడు ఆరు నెలల లోపు దావా వేసి స్వాధీనాన్ని తిరిగి పొందవచ్చునని 1963 నాటి నిర్దిష్ట పరిహారాల చట్టం చెబుతోంది.

కిరాయిదారు సోదరులారా! ఈ రక్షణ మీకు ఆశ్రయమే గాని ఆయుధం కాదు. గడువు ముగిసి, న్యాయంగా నోటీసు అందిన తరువాత కూడా "కోర్టులో ఏళ్లు పడుతుంది, ఏం చేస్తాడో చూద్దాం" అంటూ కూర్చోవడం పరుల ఆస్తిని ఆక్రమించడమే. జానెడు నేలను అన్యాయంగా తీసుకున్నవాని మెడకు ప్రళయదినాన ఏడు భూముల బరువు చుట్టబడుతుందని దైవప్రవక్త (స) హెచ్చరించారు. చెల్లించగలిగి ఉండీ బాకీ వాయిదా వేయడం దౌర్జన్యమని కూడా వారు సెలవిచ్చారు. నిజంగా ఇబ్బందుల్లో ఉన్నవారు దాగక, యజమాని వద్దకు వెళ్లి పరిస్థితి చెప్పుకోవాలి. అటువంటి బాకీదారుకు వెసులుబాటు ఇవ్వమని బఖరా సూరా 280వ ఆయత్ యజమానిని ఆదేశిస్తోంది.

చివరిగా అడ్వాన్సు. అది యజమాని చేతిలో ఉన్న కిరాయిదారు సొమ్ము. వాడకం వల్ల సహజంగా కలిగే అరుగుదలను సాకుగా చూపి, ముందుగా షరతు లేకుండానే రంగుల ఖర్చు పేరిట కోత విధించడం ధర్మం కాదు. ప్రాణం తీయడానికి ఇల్లు చుట్టుముట్టిన మక్కా వారి అమానతులను సైతం తిరిగి అప్పగించి రమ్మని హజ్రత్ అలీ (రజియల్లాహు అన్హు)ను వెనుక ఉంచి హిజ్రత్‌కు బయలుదేరిన ప్రవక్త అనుచరులం మనం. కిరాయిదారు ముస్లిమైనా, కాకపోయినా ఈ బాధ్యత ఒక్కటే.

కాబట్టి సోదరులారా! షరతులను వ్రాసుకోండి, బఖరా సూరా 282వ ఆయత్ బాకీ వ్యవహారాలలో నేర్పిన పద్ధతి అదే. విడిపోయే వేళ ముందుగా చెప్పండి, లెక్క తీర్చండి, ఒకరినొకరు క్షమించుకోండి. తాళంచెవి చేతులు మారే రోజున ఎవరి శాపమూ ఆ గడపపై మిగలరాదు.

ఓ అల్లాహ్! మా ఒప్పందాలలో మాకు సత్యసంధతను ప్రసాదించు. నిలువ నీడ లేనివారికి గూడు కల్పించు. పరుల హక్కు మా మెడపై ఉండగా మమ్మల్ని నీ వద్దకు పిలువకు. ఈ మాటలతో నా కొరకు, మీ కొరకు, యావత్తు ముస్లిముల కొరకు అల్లాహ్ క్షమాభిక్షను అర్థిస్తున్నాను. ఆమీన్.