విషవాయువు, వైద్యం, మృతుల లెక్క
(సంఘం విద్యానగర్ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



యుద్ధంలో విషవాయువు ప్రయోగిస్తే ఎందరు చనిపోతారో సైన్యాలు ముందుగానే లెక్క కట్టుకుంటాయి. గాలివాటం, వాయువు పరిమాణం, సైనికుల సంఖ్య అన్నీ అందులోకి వస్తాయి. ఏ వైద్యం, ఎంతసేపట్లో అందుతుందో కూడా చెప్పకపోతే ఆ అంకెకు విలువ లేదని నా అభిప్రాయం.

ఈ గొడవ మనకెందుకు అనుకోవద్దు. ఇక్కడినుంచి యూనివర్సిటీ దాటితే తార్నాకలో ఐ.ఐ.సి.టి. ఉంది. మనలో చాలామందికి అది ఇప్పటికీ ఆర్.ఆర్.ఎల్. అక్కడ పురుగుమందుల తయారీ విధానాలు రూపొందించారు. మన రైతులు పత్తిచేలల్లో చల్లుతూ వచ్చిన మోనోక్రోటోఫాస్, యుద్ధవాయువైన సారిన్ ఒకే ఆర్గానోఫాస్ఫరస్ కుటుంబానివి. సారిన్ ఎన్నో రెట్లు బలమైనది. కానీ రెండూ దెబ్బతీసేది శరీరంలోని ఒకే ఎంజైమును. నోట నురగ వస్తుంది, ఊపిరితిత్తులు స్రావాలతో నిండుతాయి, కండరాలు చచ్చుబడి శ్వాస ఆగుతుంది. విరుగుడూ ఒకటే: అట్రోపిన్, దానితోపాటు 'పామ్' అనే ప్రాలిడాక్సిమ్.

కనుక యుద్ధం చూడని మన డాక్టర్లకు ఈ వైద్యం కొత్త కాదు. వరంగల్ ప్రభుత్వాసుపత్రిలో 1997 నుంచి 2002 వరకు పురుగుమందు కేసులు 8,040 చేరాయి. నూటికి 22.6 మంది చనిపోయారు. 2002లో చేరినవారిలో మూడింట రెండు వంతులు 30 ఏళ్లలోపువారే. పిల్లలండీ! అందరూ తాగింది ఈ కుటుంబపు మందే కాదు, ఎండోసల్ఫాన్ కూడా ఉంది. అదే పరిశోధన, చాలామందికి విరుగుడును తక్కువ మోతాదులో ఇచ్చారని కూడా చెప్పింది. ఊపిరితిత్తులు తేటపడేదాకా అట్రోపిన్ పెంచుతూ పోవాలి. అంటే ఆ 22.6 విషం ఒక్కదాని లెక్క కాదు, వైద్యం లెక్క కూడా.

సమయం సంగతి మరీ కఠినం. పామ్ కొంత గడువులోపే పనిచేస్తుంది. సారిన్‌కు ఆ గడువు కొన్ని గంటలు, సోమన్‌కు కొన్ని నిమిషాలే. అందుకే సైనికుడి దగ్గరే సూదిమందు ఉంచుతారు, తొడలో తానే పొడుచుకోవాలి.

ఇంకో చిక్కుంది. బతికించిన ప్రతివాడూ మృతుల పట్టీలోంచి క్షతగాత్రుల పట్టీలోకి వస్తాడు. మొత్తం తగ్గదు. వాడికి మంచం, వెంటిలేటరు, రోజుల తరబడి నర్సులు కావాలి. చావులు తగ్గించి చూపే అంచనా ఆసుపత్రి ఖర్చును పెంచి చూపాలి.

టోక్యో భూగర్భ రైళ్లలో 1995 మార్చి 20న సారిన్ వదిలినప్పుడు 5,000 మందికి పైగా ఆసుపత్రులకు పరుగెత్తారు. చనిపోయినవారు 14 మంది, ఆఖరివారు 2020లో. ఆ సారిన్ నాసిరకం కావడంతో ఈ ఘనతంతా వైద్యానిదే అనలేం. ఒక్క సెయింట్ లూక్స్ ఆసుపత్రికే ఆ రోజు 640 మంది వచ్చారు. వారి బట్టలనుంచి వచ్చిన ఆవిరికి సిబ్బందిలో కొందరికి కూడా కళ్లు మసకబారాయి. పల్లెలో మనవాళ్లెవరి మీదైనా పురుగుమందు పడితే ముందు బట్టలు విప్పించి, సబ్బునీళ్లతో కడిగి, సీసాతో సహా ఆసుపత్రికి తీసుకువెళ్లండి. కడిగేవాళ్లు చేతులకు తొడుగులు వేసుకోండి.