లినక్స్‌లో ఎస్‌ఎస్‌డీ నెమ్మదించిందా? ట్రిమ్ సంగతి ఒకసారి చూద్దాం

పాత ల్యాప్‌టాప్‌లో హార్డ్‌డిస్క్ పీకేసి ఎస్‌ఎస్‌డీ వేసి, దానిమీద ఉబుంటూనో మింటో ఎక్కించుకున్నవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. కొత్తలో మెరుపులా ఉంటుంది. కొన్నాళ్ళకి, డిస్క్ నిండేకొద్దీ, పెద్ద ఫైల్ కాపీ పెడితే మధ్యలో నసుగుతుంది. ఎందుకలా?

ఎస్‌ఎస్‌డీలో రాయడం పేజీల లెక్కన, చెరపడం బ్లాకుల లెక్కన జరుగుతుంది. పేజీ అంటే కొన్ని కిలోబైట్లు. బ్లాక్‌లో అలాంటి పేజీలు వందల్లో ఉంటాయి. ఒకసారి రాసిన పేజీ మీద నేరుగా మళ్ళీ రాయడం కుదరదు, బ్లాక్ మొత్తం చెరపాలి. అందులో పనికొచ్చే డేటా ఉంటే ముందు దాన్ని ఇంకోచోటికి మోయాలి. ఇప్పుడు మీరో సినిమా డిలీట్ చేశారనుకోండి. ఫైల్‌సిస్టమ్ తన పద్దులో దాని పేరు కొట్టేస్తుంది, అంతే. డ్రైవ్‌కి ఆ సంగతి తెలీదు. అద్దెకున్నవాళ్ళు ఊరు వెళ్ళిపోయినా ఓనర్‌కి ఎవరూ చెప్పనట్టు! పాపం అది ఆ చచ్చిన డేటానే అటూ ఇటూ మోస్తూ ఉంటుంది. దాంతో స్పీడూ పోతుంది, డ్రైవ్ కూడా అరుగుతుంది. ‘ఇవి ఖాళీ’ అని డ్రైవ్‌కి కబురు చెప్పడమే ట్రిమ్.

మీ చేతిలో ఉన్న ఫోన్‌లోనూ ఇదే కథ. ఆండ్రాయిడ్‌కి ఇది 2013లో, 4.3 వెర్షన్‌తో వచ్చింది. ఫోన్ ఊరికే పడున్నప్పుడు అదే చేసుకుంటుంది, మనకి తెలియను కూడా తెలీదు.

లినక్స్‌లో ఈ పని చేసేది ఎఫ్‌ఎస్‌ట్రిమ్ డాట్ టైమర్. వారానికోసారి, సోమవారం నడుస్తుంది. ఆ టైముకి ల్యాప్‌టాప్ ఆఫ్‌లో ఉంటే మళ్ళీ ఆన్ చేసినప్పుడు నడుస్తుంది. ఉబుంటూలో ముందే ఆన్ చేసి ఉంటుంది, ఫెడోరాలో 2020లో వచ్చిన 32వ వెర్షన్ నుంచి ఉంది. ఆర్చ్ వాడే మహానుభావులు మాత్రం మీరే ఆన్ చేసుకోవాలి. టెర్మినల్‌లో ‘సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ ఎఫ్‌ఎస్‌ట్రిమ్ డాట్ టైమర్’ కొట్టండి. యాక్టివ్ అని వస్తే సగం పని అయిపోయినట్టే.

చేత్తో ఒకసారి నడిపి చూడాలంటే ‘సుడో ఎఫ్‌ఎస్‌ట్రిమ్ హైఫన్ ఏవీ’. ఏ పార్టిషన్‌లో ఎంత ట్రిమ్ అయిందో చూపిస్తుంది. ఈఎక్స్‌టీ4లో వెంటనే రెండోసారి కొడితే దాదాపు సున్నా వస్తుంది, రీబూట్ చేశాక మళ్ళీ పదుల జీబీలు చూపిస్తుంది. కంగారుపడకండి. ఏది ట్రిమ్ అయిందో ఆ లెక్క ర్యామ్‌లోనే ఉంటుంది, రీబూట్‌తో పోతుంది.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డిస్క్ ఎన్‌క్రిప్షన్ టిక్ పెట్టినవాళ్ళు ఇంకోటి చూసుకోవాలి. లక్స్ ఎన్‌క్రిప్షన్ సొంతంగా ట్రిమ్‌ని కిందికి పంపదు. ఏ చోటు ఖాళీనో బయటివాళ్ళకి తెలుస్తుందని ఆ జాగ్రత్త. క్రిప్ట్‌ట్యాబ్ ఫైల్‌లో డిస్కార్డ్ అన్న మాట ఉంటేనే వెళ్తుంది. నన్నడిగితే, మామూలు స్టూడెంట్ ల్యాప్‌టాప్‌కి అది పెట్టుకోవచ్చు. యూఎస్‌బీ కేస్‌లో పెట్టిన ఎస్‌ఎస్‌డీలకైతే చాలాసార్లు ఆ కబురు అసలు అందదు. ‘ఎల్‌ఎస్‌బీఎల్‌కే హైఫన్ హైఫన్ డిస్కార్డ్’ కొడితే డిస్క్ గ్రాన్, డిస్క్ మ్యాక్స్ కాలమ్‌లలో సున్నాలు కనిపిస్తాయి. అంటే ట్రిమ్ లేదని.

ఇక అసలు నొప్పి పుట్టే విషయం. మా పిన్ని కొడుకు ఒక శనివారం రాత్రి తన ఫైనలియర్ ప్రాజెక్ట్ ఫోల్డర్‌ని ఆర్‌ఎమ్ కొట్టి లేపేశాడు. మంగళవారం నా దగ్గరికొచ్చి, ‘అన్నా, ఫోటోరెక్ పెడితే వచ్చేస్తుందంట కదా’ అన్నాడు. పాత హార్డ్‌డిస్క్ అయితే ఆశ ఉండేది. ఇక్కడ సోమవారమే ట్రిమ్ నడిచేసింది. చాలా డ్రైవ్‌లు ట్రిమ్ అయిన చోటుని చదివితే సున్నాలే ఇస్తాయి. ఏమీ దొరకలేదు. వాడి గైడ్‌కి మెయిల్ చేసిన సగం రిపోర్ట్ ఒక్కటే మిగిలింది. కాబట్టి ఎస్‌ఎస్‌డీలో పొరపాటున ఏదైనా పోయిందంటే వెంటనే మెషిన్ ఆపేయండి. అంతకంటే ముందు, ఇంకో డ్రైవ్‌లో ఒక కాపీ పెట్టుకోండి.

అరుగుదల గురించి మాత్రం మరీ భయపడకండి. శాంసంగ్ 870 ఈవో 500 జీబీ డ్రైవ్‌కి కంపెనీ ఇచ్చే హామీ 300 టెరాబైట్ల రాత. రోజుకి 20 జీబీ రాసినా ఆ లెక్క చేరడానికి 40 ఏళ్ళు పడుతుంది. డ్రైవ్ అంతకంటే ముందే వేరే కారణంతో పోవచ్చు, అది వేరే సంగతి. స్వాప్ తీసేయండి, లాగ్‌లు ఆపేయండి లాంటి పాత సలహాలు పక్కన పెట్టేయండి. డీఫ్రాగ్ అసలే వద్దు.

సెకండ్‌హ్యాండ్ డ్రైవ్ కొంటున్నారా? డబ్బులిచ్చే ముందు స్మార్ట్‌మాన్‌టూల్స్ వేసి ‘స్మార్ట్‌సీటీఎల్ హైఫన్ ఏ’ కొట్టి చూడండి. ఎన్‌వీఎంఈ అయితే పర్సంటేజ్ యూజ్డ్ అని ఒక లైన్ వస్తుంది. అక్కడ 90 కనిపిస్తే, అమ్మేవాడు ‘కొత్తదే బ్రో’ అన్నా సరే, నమస్కారం పెట్టి వచ్చేయండి.

వచ్చే ఎపిసోడ్‌లో ఆర్‌సింక్‌తో బ్యాకప్ ఎలా పెట్టుకోవాలో చేసి చూపిస్తాను. ఉంటా మరి, బై.