రచయిత ముంగిట పాఠకుడు



పుస్తకం చదివిన పాఠకునికి దానిని రచించినవారితో మాట్లాడాలనే కోరిక కలగడం సహజం. మన వారపత్రికలు ఇంటింటా చదువబడిన రోజులలో ఈ కోరిక కార్డు ముక్కగా పత్రికా కార్యాలయానికి చేరేది. అక్కడినుండి రచయిత ఇంటికి వెళ్ళేది. జవాబు రావడానికి పక్షం రోజులు పట్టవచ్చు, అసలు రాకనూపోవచ్చు. అయితే ఆ జాప్యంలో ఒక మేలుండేది. కోపంతో కలం పట్టినవాడు తపాలా పెట్టె దగ్గరకు నడిచేసరికి సగం చల్లబడేవాడు. నేటి సామాజిక మాధ్యమాలలో ఆ నడక లేదు.

అంతమాత్రాన వాటి ఉపకారాన్ని తక్కువ చేసి చెప్పడం న్యాయం కాదు. తెలుగువారిలో ఈ ఉపకారాన్ని ముందుగా గుర్తించినవారు ప్రవాసులే. కంప్యూటరు తెరమీద తెలుగు అక్షరం సులభంగా కనిపించని 1990ల ఆరంభంలో, అమెరికాలోని మన యువకులు ఇంగ్లీషు లిపిలోనే తెలుగు రాసుకొని సాహిత్య చర్చలు సాగించారు. 1998లో అక్కడినుండి ‘ఈమాట’ అనే పత్రిక కాగితంతో పనిలేకుండా వెలువడింది. పుస్తకాల దుకాణమే లేని ఊరిలోని విద్యార్థిని ఈనాడు తాను చదివిన కథను గురించి రచయిత్రిని నేరుగా ప్రశ్నించగలదు. ఇది చిన్న విషయం కాదు.

చిక్కు మరొకచోట ఉంది. రచయితతో మాట్లాడ వచ్చినవారందరూ పుస్తకం చదివి వచ్చినవారు కారు.

తమిళ రచయిత పెరుమాళ్ మురుగన్ నవల ‘మాదొరుబాగన్’ 2010లో వెలువడింది. ఆ పేరుకు అర్ధనారీశ్వరుడని అర్థం. సంతానం లేని దంపతుల వేదన అందులోని కథ. నాలుగేళ్ళు అది ప్రశాంతంగా పాఠకుల చేతులలో ఉన్నది. 2014 చివరలో తిరుచ్చెంగోడులో అలజడి రేగింది. నవలలోని కొన్ని పుటలను మాత్రమే నకళ్ళు తీయించి పంచిపెట్టారు. నిందంతా కొత్త మాధ్యమాలమీద మోపేవారు ఈ సంగతి గమనించాలి: ఆ పని చేసింది కాగితమే. 2015 జనవరిలో అధికారుల సమక్షంలో చర్చలు జరిగాయి. ఆ వెంటనే మురుగన్ తనలోని రచయిత మరణించాడని ప్రకటించారు. ఆ మరణవార్తను ఆయన చెప్పింది పత్రికలలో కాదు, ఫేస్‌బుక్‌లో. పాఠకులను చేరే దారి ఆయన ముందు అప్పటికి అదొక్కటే తెరిచి ఉన్నదేమో! 2016 జూలై 5న మద్రాసు హైకోర్టు రచయిత పక్షాన తీర్పు చెప్పింది. ఆ ఏడాదే ఆయన కవితా సంపుటితో తిరిగి వచ్చారు.

మలయాళంలో ఎస్. హరీష్ రాసిన ‘మీశ’ కథ వేరు. మీశ అంటే మీసమే. కుట్టనాడులో ఒక దళితుడు నాటకంలో పోలీసు వేషంకోసం మీసం పెంచి, ఆ తరువాత తీయడానికి నిరాకరిస్తాడు. 2018లో ‘మాతృభూమి’ వారపత్రికలో ధారావాహికగా ఆరంభమైన ఈ నవలలో ఇద్దరు పాత్రలు మాట్లాడుకున్న మాటలను కొందరు విడదీసి సామాజిక మాధ్యమాలలో వ్యాపింపజేశారు. రచయితకూ ఆయన కుటుంబానికీ బెదిరింపులు వచ్చాయి. మూడు భాగాలతోనే హరీష్ రచనను ఉపసంహరించుకున్నారు. కొద్దిరోజులలోనే నవల పుస్తకంగా వచ్చింది. దానిని నిషేధించాలన్న అర్జీని సుప్రీంకోర్టు సెప్టెంబరులో తోసిపుచ్చింది.

పాత్ర మాట రచయిత మాట కాదన్నది నాటకం చూసే పల్లెటూరివారికి కూడా తెలిసిన విషయమే. రావణ పాత్రధారిని ఎవరూ తన్నరు. మరి ఇక్కడ ఎందుకు తెలియలేదు? నాటకానికి వచ్చినవారు తొలి రంగంనుండి కూర్చొని చూస్తారు. తెరమీద ఒక్క వాక్యమే ఎదురైనవానికి ముందు వెనుకలు లేవు.

కనుక రచయిత ఈ మాధ్యమాన్ని వివాదం వచ్చాక కాక, ముందే చేపట్టాలని నా అభిప్రాయం. తన కథ ఏ నేలమీద నడుస్తుందో, అక్కడి మాండలికం ఎటువంటిదో తీరికగా చెప్పుకోవచ్చు. ఒక వాక్యం బదులు ఒక పూర్తి అధ్యాయాన్ని చదవడానికి ఇవ్వవచ్చు. పుస్తకం చదివి విభేదించినవానికి తప్పక జవాబివ్వాలి. అతడే విలువైన పాఠకుడు. చదవనివానితో వాదం అనవసరం. ఏ పుట చదివారని అడిగితే చాలు. మెప్పులు లెక్కపెట్టుకుంటూ తరువాతి అధ్యాయం రాసే రచయితలను గురించి నేనేమీ చెప్పను. వారికి పాఠకులకంటె లెక్కలే ముఖ్యం.

మనవంటి బహుభాషా దేశంలో మరొక సమస్య కూడా ఉంది. రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులో 22 భాషలున్నాయి. విడదీసిన వాక్యం పొరుగు భాషలోకి పోవడానికి ఒక్క పూట చాలు. నవల పోవడానికి ఏళ్ళు కావాలి. ‘మీశ’ మీది వివాదం 2018లోనే దేశమంతా తెలిసింది. జయశ్రీ కళత్తిల్ ఇంగ్లీషు అనువాదం 2020లో వచ్చింది, ఆ ఏడాది జేసీబీ బహుమతి పొందింది. నడుమ ఆ రెండేళ్ళూ మలయాళం రానివారికి అందినది రచ్చ మాత్రమే. అందువల్ల అనువాదకులు కూడా ఈ మాధ్యమాలలోకి వచ్చి, తాము చేస్తున్న పనినుండి కొన్ని పుటలైనా ముందుగా పాఠకులకు వినిపించడం అవసరం.

విద్యార్థులారా, మీరు ఏ రచయితకైనా రాసేటప్పుడు ఆ పుస్తకాన్ని ఏ భాషలో చదివారో, ఎంతవరకు చదివారో మొదటి పంక్తిలోనే తెలపండి. అనువాదంలో చదివి ఉంటే అనువాదకుల పేరు కూడా రాయండి. చాలామంది పాఠకులు ఆ పేరు చూడనే చూడరు.

ఇక మీ ప్రశ్నలు అడగవచ్చు.