దమ్ము ముగిశాక గేరు పెట్టె చూసుకోండి
(మిర్యాలగూడలో పాల సంఘాల కార్యదర్శుల సమావేశంలో ఒక సభ్య రైతు చేసిన ప్రసంగ పాఠం)



పాల సభలో ట్రాక్టరు మాటేమిటని మీరు అనుకోవచ్చు. గేరు పెట్టెలో ఆయిలు సకాలంలో మార్చనందుకు నేను పాలిచ్చే బర్రెను అమ్ముకున్నాను. అందుకే ఈ మాట ఇక్కడ చెప్పవలసి వచ్చింది.

1967లో సాగర్ కాలువలకు నీరు వదిలారు. ఆ తరువాత మన ప్రాంతం వరి పొలాలతో నిండింది. ఇప్పుడు దమ్ము పని అంతా ట్రాక్టరుదే. పనిలో గేరు పెట్టె వేడెక్కుతుంది. వేడి పెట్టె చల్లని మడినీటిలో దిగితే లోపలి గాలి ముడుచుకుంటుంది. ఇరుసు సీలు అరిగి ఉంటే ఆ సందులోంచి నీటిని పీల్చుకుంటుంది. తిరిగే గేర్లు ఆ నీటినీ ఆయిలునూ కవ్వంలా చిలుకుతాయి. ఆయిలు పాలలా తెల్లబడుతుంది.

నాకు ఆ తెలుపు కనిపించింది. నాట్లు అయ్యాక చూద్దాం లెమ్మన్నాను. నాట్లు అయ్యేసరికి బేరింగులు, గేరు పళ్ళు పాడయ్యాయి. మరమ్మతు ఖర్చుకు బర్రె పోయింది, ఇంటికి వచ్చే పాల బిల్లు తగ్గింది.

కనుక దమ్ము రోజుల్లో పొద్దున్నే, ఇంజను వేయకముందే, కొలపుల్ల తీసి చూడండి. ఆయిలు తెల్లగా ఉన్నా, మట్టం ఊరకే పెరిగినా నీరు చేరినట్లే. గంటల లెక్క చూడక వెంటనే మార్చాలి. నీరు చేరకపోతే కంపెనీ పుస్తకంలో చెప్పిన గంటలకు మార్చితే చాలు.

ఈ పని ఇంటి దగ్గరే చేసుకోవచ్చు. పది, పదిహేను నిమిషాలు బండి నడిపితే ఆయిలు పలచబడి మురికితో సహా దిగుతుంది. చదును నేలమీద నిలిపి, పనిముట్టు కిందికి దించి, ఇంజను ఆపి, తాళం జేబులో వేసుకొని, చక్రాలకు రాళ్ళు పెట్టండి. ముందుగా ఆయిలు పోసే మూత విప్పండి. అది రాకపోతే దించిన తరువాత పోసే దారి ఉండదు. ఆ పిమ్మట కింది బిరడా తీయండి. ఆయిలు కాలుతుంది, చేయి అడ్డు పెట్టవద్దు. బిరడాకు అయస్కాంతం ఉంటే చూడండి: సన్నని నల్లటి ముద్ద మామూలే, ఇనుప ముక్కలు ఉంటే మెకానిక్కును పిలవాలి. జల్లెడ కడిగి, కొత్త వాషరు వేసి బిగించి, కొలత మేరకు పోయండి. కాసేపు నడిపి, హైడ్రాలిక్కు ఎత్తి దించి, మళ్ళీ మట్టం చూడండి. నీరు వచ్చిన సీలు మార్చకపోతే మాత్రం కొత్త ఆయిలూ తెల్లబడుతుంది.

ఏ ఆయిలు అన్నది పక్కవాడిని అడిగి పోయవద్దు. చాలా ట్రాక్టర్లలో గేర్లకు, హైడ్రాలిక్కుకు ఒకే ఆయిలు. బ్రేకులు ఆయిలులో మునిగి ఉండే బండ్లకు దానికి తగిన రకమే పోయాలి. ఇప్పుడు ఆటోమేటిక్ గేరు కార్లు కూడా వచ్చాయి. వాటి ఆయిలు పలచన, ఎక్కువగా ఎర్ర రంగు. అందులో గేర్లతో పాటు క్లచ్ పలకలూ పనిచేస్తాయి గనుక ట్రాక్టరు ఆయిలు వాటిని చెడగొడుతుంది. మట్టం చూసే పద్ధతీ కారుకొక తీరు. పుస్తకం లేనిదే వాటి జోలికి పోవద్దు.

చివరి మాట పశువుల గురించి. పాత ఆయిలును గోమార్లకని, పుండుకని బర్రె ఒంటికి పూస్తుంటారు. దానిలో అరిగిన లోహాల పొడి ఉంటుంది. పశువు నాకితే విషం. ఆ డబ్బాలో కుడితి కలపవద్దు, పాలు పోయవద్దు. కాలువలో పారబోయవద్దు, ఆ నీరే మన పశువులు తాగుతాయి. మూత ఉన్న డబ్బాలో దాచి, పాత ఆయిలు కొనేందుకు అనుమతి ఉన్నవారికే ఇవ్వండి.

పూటపూటకూ వెన్న శాతం రాసుకునే మనం, ఆయిలు మార్చిన తేదీ, మీటరు గంటలు కొట్టం గోడమీద రాసుకోలేమా? ఆ పని ఈ దమ్ముతోనే మొదలుపెట్టండని మనవి చేస్తూ సెలవు తీసుకుంటున్నాను.